ముడుచుకున్న వ్రేళ్లకు మరల పాఠం

సాలూరులోని ఫిలదెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి మనలో చాలామందికి తెలిసినదే. (2022 నుండి ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోనిది.) కుష్ఠు సోకితే వ్రేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని మేమూ ఒకప్పుడు నమ్మాం. అది నిజం కాదు. నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది, వేడి గిన్నె పట్టినా తెలియదు. ఆ గాయాలే వ్రేళ్లను తినేస్తాయని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ గ్రహించారు. 1940ల చివర ఆయన, పనిచేస్తున్న కండరపు స్నాయువును మరోచోట కుట్టి, ముడుచుకున్న వ్రేళ్లను చాపించారు. కోత ఒక్కరోజు పని. కట్టు విప్పాక ఆ కండరానికి కొత్త పని నేర్పడం ఫిజియోథెరపిస్టుకు వారాల ఓపిక. ఇంటివద్ద కూడా రోజూ చేతులు నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, తొడమీద ఆనించి రెండో చేత్తో వ్రేళ్లు చాపుతూ ఉండాలి.