పాత సినిమా ఫొటోలు - కలరా ఉండలు

పాత సినిమాల ఫొటో కార్డులు దాచుకునే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉందా? పోస్టుకార్డు సైజు దళసరి కాగితం మీద తారల బొమ్మలు, సినిమాహాలు ముందు అద్దాల పెట్టెలో గుండుసూదులతో గుచ్చి ఉంచిన స్టిల్సు, షూటింగు జరుగుతుండగా తీసిన వర్కింగ్ స్టిల్సు, హాల్లో అమ్మిన పాటల పుస్తకాలు - ఇవన్నీ ఈ సరదా కిందికే వస్తాయి. 'పాతాళభైరవి', 'మల్లీశ్వరి' వచ్చింది 1951లో. 'మిస్సమ్మ', 'కన్యాశుల్కం' 1955లో. 'మాయాబజార్' 1957లో. ఆనాటి అసలు ఫొటో, నాలుగు మూలలా సూది చిల్లులతో సహా దొరికితే పోగుచేసేవారి ఆనందం ఇంతా అంతా కాదు. మా శృంగవరపుకోట వైపు 'కన్యాశుల్కం' కార్డు మీద మరికాస్త మోజు ఉంటే అందులో వింత లేదు. గురజాడవారి విజయనగరం మాకు పక్క ఊరే. ఆ చిత్రానికి సంగీతం కూర్చిన ఘంటసాల సంగీతం నేర్చుకున్నదీ అక్కడే.

ఈ సరదాను నేను కాదనను. ఉద్యోగం నుంచి రిటైరయి పొద్దుపోక చిరాకుపడే పెద్దవారికి ఇంతకంటె మంచి కాలక్షేపం తక్కువ. జ్ఞాపకశక్తి తగ్గుతున్నవారి ముందు పాత బొమ్మలు పెట్టి కబుర్లు చెప్పించడం ఇప్పుడు వైద్యులు కూడా ప్రోత్సహిస్తున్నారు. పొద్దున ఏం తిన్నారో గుర్తులేని మనిషి, రేలంగి బొమ్మ చూసి ఆ సినిమా ఏ హాల్లో ఎవరితో చూశారో చెప్పుకుపోవచ్చు.

మరి ఆరోగ్య శీర్షికలో ఈ గొడవంతా ఎందుకంటారా? నా భయం బొమ్మలతో కాదు, అవి ఉండే పెట్టెతో.

మన ఇళ్లలో ఈ కార్డులు ఎక్కడుంటాయి? అటక మీది రేకు ట్రంకు పెట్టెలో. పైన ఒక మెత్తని పాత నేతచీర చుట్టి, పురుగు పట్టకుండా చీర మడతల్లో నాలుగు కలరా ఉండలు పడేస్తారు. ఏళ్ల తరబడి అలా ఉంటుంది. ఇంతలో ఇంట్లో కూతురికో కోడలికో పురుడు వస్తుంది. పసిబిడ్డకు పొత్తిగుడ్డలు కావాలి, ఉయ్యాల కట్టాలి. మెత్తని పాత చీర ఎక్కడుందా అని వెతికితే ఆ పెట్టెలోదే చేతికి వస్తుంది. దులిపి, ఒక్కసారి జాడించి, బిడ్డ కింద పరుస్తారు. ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది.

కలరా ఉండల్లో సాధారణంగా ఉండేది నాఫ్తలీన్ అనే పదార్థం. ఇది మంచుగడ్డలా కరిగి నీరు కాదు. గట్టిగా ఉన్నది ఉన్నట్టే ఆవిరైపోతుంది. ఉండ నెలనెలా చిక్కిపోవడం మీరూ చూసే ఉంటారు. ఆ ఆవిరి బట్టలో చేరుతుంది. బట్టకు ఆ వాసన ఉన్నంతకాలం మందు అందులో ఉన్నట్టే. బిడ్డ దాన్ని పీలుస్తుంది. పలుచని చర్మం గుండా కూడా కొంత లోపలికి పోతుంది. చర్మానికి నూనె రాసి ఉంటే మరింత తేలికగా పోతుంది. మనం పసిపిల్లలకు నూనె రాయకుండా ఉంటామా!

అందరు పిల్లలకూ ఇది ఒకేలా హాని చేయదు. మన రక్తంలోని ఎర్రకణాలను కాపాడే ఒక ఎంజైము ఉంది. దాని పేరు జి6పిడి. కొందరికి పుట్టుకతోనే ఇది తక్కువ. తల్లి నుంచి కొడుకులకు సంక్రమించే లోపం కనుక మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు రోజుల్లో వీరికి ఏ బాధా ఉండదు, ఉన్నట్టు తెలియను కూడా తెలియదు. నాఫ్తలీన్ లోపలికి పోయినప్పుడు మాత్రం, మామూలుగా సుమారు 120 రోజులు బతకవలసిన ఎర్రకణాలు ఒకటి రెండు రోజుల్లోనే గుంపులుగా పగిలిపోతాయి. పెద్దపిల్లల్లో ముఖం పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి, మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో వస్తుంది. పసికందుల్లో కామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ పచ్చదనం మెదడుకెక్కితే బిడ్డ ప్రాణానికే ముప్పు. బతికినా చెవుడో, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేకపోవడమో జీవితాంతం ఉండిపోవచ్చు.

"ఏటి బాబూ, మా అత్త నాటినుండీ ఏసుకుంతున్నాం, ఎవులికేటయినాది?" అని పెద్దమ్మలు నన్ను అడుగుతుంటారు. నిజమే, చాలామందికి ఏమీ కాలేదు. ఆ ఎంజైము లోపం లేనివారు కనుక కాలేదు. మీ ఇంట్లో పుట్టిన బిడ్డకు అది ఉందో లేదో పరీక్ష చేయకుండా మీకెలా తెలుస్తుంది? పైగా మా ఊరు అరకు దారిలో, కొండల అంచున ఉంది. మలేరియా ఎక్కువగా తిరిగిన ప్రాంతాల్లో ఈ లోపం తరతరాలుగా నిలిచిపోయింది. మన దేశంలో కొన్ని గిరిజన తెగల్లో మిగతావారికంటె ఎక్కువ. అందుకని కొండ మీదివారికే వస్తుందనుకోకండి; మైదానంలోనూ అన్ని కులాల్లోనూ ఉంది.

పుట్టిన రెండు మూడు రోజులకు బిడ్డ కొంచెం పచ్చబడడం మామూలే. కాని మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, ఆ పచ్చదనం అరచేతులకూ అరికాళ్లకూ దిగినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడి ఉన్నా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. పసరు పోయించడాలు, వాతలు పెట్టించడాలు వద్దు. పొద్దుటి ఎండలో పడుకోబెట్టడం దీనికి చికిత్స కాదు. ఆసుపత్రిలో నీలికాంతి కింద ఉంచుతాం, అవసరమైతే రక్తం మారుస్తాం. వచ్చేటప్పుడు, బిడ్డకు వాడిన బట్టలు కలరా ఉండల పెట్టెలోవైతే ఆ సంగతి మాకు తప్పక చెప్పండి. అడిగితేనే గాని ఎవరూ చెప్పని సంగతి ఇది.

ఇక నడిచే పిల్లలు. వారికి తెల్లటి ఉండ పిప్పరమెంటులా కనిపిస్తుంది. తాతగారు కార్డులు తిరగేస్తూ కూర్చుంటే పక్కన చేరి నోట్లో వేసుకుంటారు. అలా మింగితే గొంతులో వేలు పెట్టి కక్కించకండి. పాలు పట్టకండి, నాఫ్తలీన్ కొవ్వులో కరుగుతుంది కనుక పాలు దాన్ని త్వరగా రక్తంలో కలుపుతాయి. మిగిలిన ఉండలూ ప్యాకెట్టూ చేతపట్టుకుని 108కి ఫోను చేయండి. కొన్ని ఉండలు నాఫ్తలీన్ కావు, కర్పూరంతో చేసినవి. అవి మింగితే కొద్ది నిమిషాల్లోనే మూర్ఛ రావచ్చు. ప్యాకెట్టు అందుకే కావాలి.

మరి ఫొటోలు పాడవవా అంటారు. కలరా ఉండలు ఫొటోలకు చేసే మేలు మీరనుకున్నంత లేదు. పాత ఫొటోలను భద్రపరచే నిపుణులు వీటిని వాడవద్దంటున్నారు. నలుపు తెలుపు ఫొటో పైపొర జెలటిన్. మన కోస్తా తేమకు అది ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటుంది, బూజు పడుతుంది. పొడిగా ఉంచడమే అసలు మందు. అటక మీద వేడి, గోడవార చెమ్మ. రెండూ కాదని ఉక్కు బీరువా మధ్య అరలో పెట్టండి. ఒక్కొక్క కార్డు మధ్య తెల్ల కాగితం ఉంచండి. సంక్రాంతి వెళ్లాక గాలి పొడిగా ఉన్న రోజుల్లో తీసి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి. అతుక్కున్నవాటిని లాగితే సావిత్రి ముఖం ఒకదానికీ, వెనక్కాగితం ఇంకొకదానికీ పోతుంది.

బూజు పట్టిన కట్టను మాత్రం గదిలో విప్పకండి. వరండాలో కూర్చుని, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకుని, మెత్తటి కుంచెతో మీకు అవతలి వైపుకు దులపండి. నోటితో ఊదవద్దు, వేలికి ఉమ్మి తడి చేసుకుని తిప్పవద్దు. ఉబ్బసం ఉన్నవారు ఈ పని మరొకరికి అప్పగించి, బొమ్మలు శుభ్రమయ్యాక చూసుకోవడం మంచిది.

జి6పిడి పరీక్షకు కొద్దిగా రక్తం చాలు. బిడ్డకు కణాలు పగిలిన రోజుల్లోనే చేస్తే ఒక్కొక్కసారి లోపం ఉన్నా లేనట్టు వస్తుంది, పాత కణాలు పోయి కొత్తవే మిగులుతాయి కనుక. అందుకని మూడు నెలలయ్యాక మళ్లీ చేయించాలి. లోపం ఉందని తేలితే ఆ చీటీ పారేయకండి. వాడు పెద్దయ్యాక ఎప్పుడు మలేరియా వచ్చినా, ప్రైమాక్విన్ మాత్ర ఇచ్చేముందు డాక్టరు ఆ చీటీ చూడాలి.