బాప్తిస్మపు రిజిస్టరు, భూమి రికార్డు: కృష్ణా డెల్టా సంఘములలో పితరుల పేర్లు వెదకుట

1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యరుగారు 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణములో జన్మించారు. ఆ దేశములో ఒక గ్రామస్థుని తాతముత్తాతలను వెదకువారికి రెండు దారులున్నవి. మొదటిది సంఘపు పుస్తకము. లూథరన్ ప్రాంతములలో అనేక చోట్ల 16, 17 శతాబ్దముల నుండి బాప్తిస్మములు, వివాహములు, సమాధులు పాదిరిగారు వ్రాసి ఉంచేవారు. 1876 జనవరి 1న జర్మనీ అంతట ప్రభుత్వ రిజిస్ట్రేషను అమలులోనికి వచ్చువరకు సామాన్యుని పుట్టుకకు చాలాచోట్ల అదే సాక్ష్యము. రెండవది భూస్వామి పన్ను పుస్తకము. ఏ కమతము ఎవరు సాగుచేసినది, ఎంత చెల్లించినది అందులో ఉండును. వెస్ట్‌ఫేలియాలో ఇల్లరికము వచ్చిన అల్లుడు ఆ కమతము పేరునే తన ఇంటిపేరుగా తీసుకొనేవాడు గనుక, అక్కడ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదువకపోతే వంశము దారి తప్పును.

"అయ్యగారూ, మా ముత్తాత ఎప్పుడు బాప్తిస్మము పొందాడండీ?" అని మన సంఘస్థులు అడిగినప్పుడు ఈ పద్ధతి ఎంతవరకు పనికి వచ్చును? మొదటి సగము పనికి వచ్చును. రెండవ సగములో చిక్కున్నది.

సి.ఎమ్.ఎస్. మిషనెరీలు ఫాక్సు, నోబుల్ గార్లు 1841లో మచిలీపట్నము వచ్చారు. అయితే గ్రామములలో కుటుంబములుగా సంఘములో చేరుట విజయవాడకు ఎగువనున్న రాఘవాపురములో పగోలు వెంకయ్యగారితో మొదలైనది. 1859లో డార్లింగుగారు ఆయనకు బాప్తిస్మమిచ్చారు. కావున ఈ ప్రాంతపు సి.ఎమ్.ఎస్. కుటుంబములలో చాలామందికి రిజిస్టరులోని మొదటి పేరు 1859 తరువాతిదే. అంతకు వెనుకకు పోవుట బహు కష్టము. మొదటి తరము వారి తండ్రి పేరు వ్రాసియుంటే అది గొప్ప భాగ్యమనుకోవాలి.

ఆంగ్లికన్ పద్ధతి రిజిస్టరులో తేది, పేరు, తలిదండ్రులు, నివాసము, వృత్తి, బాప్తిస్మమిచ్చినవారు అని గళ్ళుండును. మనవారు పేరు చూచి పుస్తకము మూసివేస్తారు. పేరుకన్న నివాసపు గడి ముఖ్యము. ఒకే ఊరిలో ముగ్గురు వెంకయ్యలు, నలుగురు కోటయ్యలు ఉండుట మామూలే. ఇంటిపేరు, భార్య పేరు, పల్లె పేరు మూడూ కలిస్తేనే మనిషి ఒక్కడని చెప్పగలము. దొరలు ఇంగ్లీషులో వ్రాసిన పేర్లను కంటితో కాక పైకి చదివి చెవితో గుర్తుపట్టవలెను. బాప్తిస్మపు పుస్తకము చెదలు తిన్నచోట వివాహపు రిజిస్టరు ఆదుకొనును. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము దాని నకళ్లు ప్రభుత్వ రిజిస్ట్రారునకు పంపవలసి ఉన్నది. తీరప్రాంతమువారు దీనిని మరువరాదు. 1864 నవంబరు 1న మచిలీపట్నముపై వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినది. మనుషులే మిగలనిచోట కాగితములు మిగులునా?

ఇక భూమి రికార్డు. రీసెటిల్‌మెంటు రిజిస్టరులో సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు ఉండును. ఏటేటి సాగు వివరములు అడంగలులో ఉండును. నూజివీడు, చల్లపల్లి వంటి జమీందారీ గ్రామములలో రైత్వారీ లెక్కలు 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతనే వచ్చినవి. కరణముల వ్యవస్థ 1984లో రద్దయినది, కాబట్టి ఊరి లెక్కలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నవో ముందుగా విచారించాలి. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పటి నుండి ఏ ఊరు ఏ కలెక్టరేటు క్రిందనున్నదో కూడ చూచుకోవాలి.

అయితే 1855లో ఆనకట్ట పూర్తియై డెల్టాలో పంటలు పండినప్పుడు ఆ పొలములలో నాట్లు వేసి కోతలు కోసిన మాల, మాదిగ కుటుంబములలో పట్టా కలవారు బహు కొద్దిమంది. జర్మను రైతు కౌలుదారుగానైనా పన్ను పుస్తకములో కనబడును. మన పితరులు కూలివారు గనుక పట్టాదారు గడిలో కనబడరు. వారిని పేరు పెట్టి, తండ్రి పేరు పెట్టి వ్రాసిన మొదటి కాగితము అనేకసార్లు సంఘపు రిజిస్టరే. అందుచేత భూమి కాగితములలో వారిని ప్రక్కదారిన వెదకాలి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులోని దస్తావేజులలో హద్దులు చూడండి. "తూర్పు: ఫలానివారి ఇల్లు" అని మరొకరి స్థలమునకు హద్దుగా మన ముత్తాత కనబడవచ్చును. తరువాతి తరములకు ప్రభుత్వము బంజరులో ఇచ్చిన డి.పట్టా ఉంటే అందులో తండ్రి పేరు, ఊరు స్పష్టముగా ఉండును.

ఇక్కడనే అసలు చిక్కు. రిజిస్టరులో యోహాను, పట్టాలో కోటయ్య. ఇద్దరూ ఒక్కరే. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు 3వ పేరా క్రైస్తవులను ఆ జాబితాలోనికి రానీయదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో మార్గము తెరచినను మనకు తెరువలేదు. మన రాష్ట్రములో ఎస్సీల నుండి క్రైస్తవులైనవారు బి.సి.-సి క్రిందికి వస్తారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు బాప్తిస్మపు రిజిస్టరులోని నమోదును సాక్ష్యములలో ఒకటిగా ఎంచినది. కనుక ఆ పుస్తకము ఒక ఇంటికి వంశచరిత్ర, ఇంకొక ఇంటికి భయము. రెండు పేర్లు పెట్టుకొన్నవారిని వేదిక మీద నుండి వేషధారులని తిట్టుట సులభము. అట్లు చేయవలసి వచ్చిన పరిస్థితిని చదువుట పరిశోధకుని పని.

కాపరి చేయదగినది ఇది. రిజిస్టరు ఫోటో ప్రతి తీసి ఒకటి డయోసిస్‌లో, ఒకటి సంఘములో ఉంచాలి. కుటుంబీకులు వచ్చి అడిగితే ఎదుట కూర్చుండబెట్టి చూపాలి. దారినపోయినవారికి జిరాక్సు ఇవ్వకూడదు. రెండు పేర్లు ఒక్కరివేనని తేలినప్పుడు పాత నమోదును దిద్దక, తేదీతోను సంతకముతోను వేరే కాగితము మీద వ్రాసి దానికి జతపరచాలి. ఇంటిలోని ముసలివారిని ముందుగా అడగండి. రిజిస్టరు వచ్చే ఏడాదికి కూడ బీరువాలో ఉండును, వారు ఉంటారో లేదో.