పెరగనివ్వని మందు

మాక్లూర్ చుట్టుప్రక్కల పల్లెలలో వానలు పడగానే పసుపు పనులతో బాటు జ్వరాలు కూడా మొదలవుతాయి. అబేట్ మందు చల్లితే తొట్టిలోని దోమ పిల్లలు ఒక రోజులో చచ్చి తేలడము మనమందరము చూసినదే. పైరిప్రాక్సిఫెన్, డైఫ్లూబెంజురాన్ అనే మందులు అలా చంపవు. మందు వేసిన మరునాడు కూడా పురుగులు ఈదుతూనే ఉంటాయి. "ఉత్త నీళ్ళు చల్లిపోయిండ్రు" అని ఇంటివారు విసుక్కొని, రెండవసారి మందు వేయనివ్వరు. అందుకే ఈ మందుల సంగతి కొంచెము వివరముగా వ్రాస్తున్నాము.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసినది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ దోమను పెరగకుండా ఆపే దారి చాలా ఏళ్ళ తరువాత, అదీ కాగితము వలన, తెలిసింది. 1960ల్లో కారెల్ స్లామా అనే శాస్త్రజ్ఞుడు ప్రేగ్ నుండి కొన్ని నల్లులవంటి పురుగులను అమెరికాలోని హార్వర్డుకు తెచ్చాడు. అక్కడ అవి ఎంతకీ రెక్కల పురుగులు కాలేదు; పిల్లలుగానే పెరిగి చచ్చాయి. వెదకగా, గిన్నెలలో పరచిన అమెరికా కాగితములో, అది తయారైన చెట్టు రసమే కారణమని తేలింది!

పురుగు ఒంటిలో ఒక రసము ఉన్నంతకాలము అది పిల్లగానే ఉంటుంది. అది తగ్గితేనే రెక్కలు వస్తాయి. పైరిప్రాక్సిఫెన్ ఆ రసమును పోలినది. దోమపిల్ల నాలుగుసార్లు కుబుసము విడిచి, ఎనిమిది పది రోజులలో దోమగా లేవవలసినది, గూటిదశలోనే చస్తుంది. డైఫ్లూబెంజురాన్ దారి వేరు. పాత చొక్కా విప్పేవేళకు కొత్తది కుట్టి ఉండదన్నట్టు, కొత్త చర్మము సరిగా తయారు కానివ్వదు.

మనుష్యులలో ఆ రసము లేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పైరిప్రాక్సిఫెన్‌ను త్రాగునీటి తొట్లలో కూడా లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకుండా వాడవచ్చన్నది. వెయ్యి లీటర్ల సంపుకు పది మిల్లీగ్రాములే! ఇది చేతితో అంచనా కట్టేది కాదు. ఎరువుల దుకాణములో అదే పేరుతో పంటలకు అమ్మే సీసా తెచ్చి ఇంటి నీళ్ళలో ఎన్నడూ పోయవద్దు. ఆరోగ్య సిబ్బంది తెచ్చినదే వేయనివ్వండి. డైఫ్లూబెంజురాన్ రొయ్యలకు, పీతలకు కీడు గనుక వాటిని పట్టే చెరువులలో వద్దు. వాడుక లేని బావికి గంబూసియా చేపలు చాలు.

శుక్రవారము 'డ్రై డే' నాడు పారబోయగలిగిన నీటికి ఏ మందూ అక్కరలేదు. పసుపు ఉడకబెట్టిన కడాయిలు, డ్రమ్ములు వానకాలము పెరట్లో వెల్లకిలా ఉంటే బోర్లించండి. మందిరములో బాప్తిస్మము తరువాత తొట్టి నీళ్ళు వారాలపాటు నిలువ ఉంచుతారు. ఆ సంగతి సంఘపెద్దలు చూడాలి.

మందు పని చేసిందో లేదో ఈదే పురుగులను లెక్కించి తెలుసుకోలేము. ఆ నీళ్ళతో సహా పది పురుగులను గాజుసీసాలోకి తీసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, పది రోజులు నీడన ఉంచండి. గుడ్డ క్రింద దోమలు ఎగురుతుంటే మండల ఆరోగ్య కేంద్రములో చెప్పండి.