పరిశోధకుడి వీసా: అనుమతి ఎవరి చేతిలో?

అమెరికా వలస మీద మన సాహిత్యంలో కథలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలా భాగం విమానాశ్రయంలో కన్నీళ్ళతో మొదలై, ఇక్కడ ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రుల దగ్గర ముగుస్తాయి. వెళ్ళిన మనిషి అక్కడ ఏ షరతుల మీద పని చేస్తున్నదీ కథలోకి రాదు. ఆ షరతులు తెలియనిదే పాత్ర అర్థం కాదు. అందుకే వాటిని వివరంగా చూడాలి.

హబ్సిగూడ చౌరస్తా నుంచి ఒక దారి ఉప్పల్‌కు, మరొకటి నాచారానికి పోతుంది. ఉప్పల్ దారిలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, సీసీఎంబీ ఉన్నాయి. నాచారం దారి పారిశ్రామికవాడకు చేరుస్తుంది. మొదటి దారిలో ప్రభుత్వ ఫెలోషిప్‌తో డాక్టరేటు పూర్తిచేసి, అమెరికా విశ్వవిద్యాలయంలో పరిశోధనోద్యోగం సంపాదించిన ఒక యువతిని ఊహించుకుందాం.

ఆమె ప్రతిభ ఎంతటిదైనా హెచ్-1బి కింద పని చేయడానికి తానుగా అనుమతి అడగలేదు. అడగవలసింది విశ్వవిద్యాలయం. స్థానికంగా చెల్లుబాటులో ఉన్న జీతానికి తగ్గకుండా ఇస్తామని అది ముందుగా కార్మిక శాఖకు హామీపత్రం ఇవ్వాలి. తరువాత వలస శాఖకు పిటిషన్ పెట్టాలి. అది మంజూరైతేనే ఆమె నానక్‌రామ్‌గూడ కాన్సులేటుకు వెళ్ళి వీసా అడగగలదు. స్పాన్సర్ చేయడమంటే ఇదే. ఒక విడతకు మూడేళ్ళు, మామూలుగా మొత్తం ఆరేళ్ళు. 2000 నాటి చట్టం విశ్వవిద్యాలయాలను వార్షిక సంఖ్యాపరిమితి నుంచి మినహాయించింది కనుక కంపెనీ ఉద్యోగులకున్న లాటరీ ఆమెకు లేదు.

ఇది సౌకర్యమే. కాని ఆ సౌకర్యం ఆమెది కాదు, సంస్థది. విశ్వవిద్యాలయం వదిలి కంపెనీకి పోదలిస్తే లాటరీ ఎదురవుతుంది. ఉద్యోగం పోతే, 2017లో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు. ఆ లోపల మరో యజమాని పిటిషన్ పెట్టాలి, లేదా మరో దారి చూసుకోవాలి. ఆమె జీతం తరచు ఒక ప్రొఫెసరు గ్రాంటు మీద ఆధారపడి ఉంటుంది. గ్రాంటు ఆగితే జీతమే కాదు, ఆ దేశంలో ఉండే హక్కూ ప్రమాదంలో పడుతుంది. శాశ్వత నివాసానికి కూడా చాలా సందర్భాల్లో యజమానే పూనుకోవాలి. ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతం మించరాదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస ఏళ్ళ తరబడి సాగుతుంది.

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడి ప్రకటన మరో గోడ కట్టింది. దేశం వెలుపల ఉన్నవారి కోసం పెట్టే కొత్త హెచ్-1బి పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలని, 12 నెలల కాలానికి, అది నిర్దేశించింది. విశ్వవిద్యాలయాలకు మినహాయింపు ఇవ్వలేదు. అంటే అమెరికాలోనే ఉండి వీసా మార్చుకునేవారికి లేని ఈ భారం, హబ్సిగూడలో నిలబడి ఎదురుచూసే వ్యక్తి తలమీద పడింది. ఆమెను తయారు చేయడానికి ఇక్కడి ప్రజల సొమ్ము ఎంత ఖర్చయిందన్న లెక్క మాత్రం ఆ ప్రకటనలో ఎక్కడా లేదు.

ఇది కొత్త చరిత్ర కాదు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. ఆ కాలంలోనే యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో పని చేశారు. అక్కడ శాశ్వత స్థానం దొరకక 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. 1946లో చట్టం మారినా, 1948లో మరణించేనాటికి ఆయన అమెరికా పౌరుడు కాలేదు. ఆయన శ్రమ ఫలితాన్ని మాత్రం ప్రపంచ వైద్యం స్వీకరించింది.

ఇక నాచారం దారి చూడండి. కాంట్రాక్టు కార్మికుడికి గేటుపాసు కాంట్రాక్టరు ద్వారానే వస్తుంది. కాంట్రాక్టరు మారితే పాసు చెల్లదు. ఇద్దరి జీతానికీ, హోదాకూ పోలిక లేదన్నది నిజమే. పని పోయిన కార్మికుడిని ఎవరూ నగరం విడిచి పొమ్మనరు, పరిశోధకురాలిని దేశమే విడిచి పొమ్మంటారు. ఆకలి మాత్రం కార్మికుడిని ముందుగా పట్టుకుంటుంది. ఈ తేడాలను దాచకూడదు. కాని ఇద్దరి విషయంలోనూ పని చేసే అనుమతి పని చేసేవారి చేతిలో లేదు. జీతం పెంచమని అడగడానికీ, అన్యాయాన్ని ఎత్తిచూపడానికీ ఇద్దరూ వెనకాడడానికి మూలం అక్కడుంది.

ఆ వెనకాడడాన్ని మన కథకులు తరచు స్వార్థమనో పిరికితనమనో చిత్రిస్తున్నారు. వలస వెళ్ళినవారిని భాగ్యవంతులుగానో ద్రోహులుగానో చూసే అలవాటు మానుకుని, వారి మౌనం వెనుక ఉన్న పిటిషన్‌నూ, గ్రాంటునూ, గడువునూ కథావస్తువులోకి తీసుకురావాలి. అప్పుడే ఉప్పల్ పరిశోధకురాలూ నాచారం కార్మికుడూ ఒకే సమాజపు మనుషులుగా మన సాహిత్యంలో కనిపిస్తారు.