కింద పడ్డా పైచేయే

"కింద పడ్డా నాదే పైచేయి" అనేవాణ్ణి చూసి మనం నవ్వుతాం. మన కుస్తీ గోదాలో అయితే ఆ నవ్వు న్యాయమే. రెండు భుజాలూ మట్టికి ఆనాయంటే ఆట అయిపోయినట్టే. కానీ 1994 డిసెంబరులో అమెరికాలోని టల్సా నగరంలో జరిగిన పోటీ చూడండి. పేరుమోసిన రెజ్లర్ డాన్ సెవర్న్, తనకంటే 30 కిలోలకు పైగా తేలికైన రాయిస్ గ్రేసీని కింద పడేసి, దాదాపు పావుగంట పైనే ఉన్నాడు. అతడు నేర్చిన ఆట లెక్కన ఎప్పుడో గెలిచాడు. చివరికి ఓటమి ఒప్పుకున్నది మాత్రం అతడే. కిందున్న రాయిస్ రెండు కాళ్లనూ అతడి మెడకు త్రికోణంలా బిగించాడు మరి.

రాయిస్ ఇంటివిద్య బ్రెజిలియన్ జియు-జిత్సు. 1914లో బ్రెజిల్ చేరిన జపాన్ జూడో వీరుడు మిత్సుయో మయేదా దగ్గర గ్రేసీ కుటుంబం దాన్ని నేర్చింది. వెల్లకిలా పడుకుని, ప్రత్యర్థిని కాళ్ల మధ్య పట్టి ఉంచే భంగిమను ఈ విద్యలో 'గార్డ్' అంటారు. అతడి నడుము చుట్టూ కాళ్లు వేసి, వెనక చీలమండలు మెలివేస్తే అది క్లోజ్డ్ గార్డ్. పేరుకు కాపలాయే గానీ, నా దృష్టిలో అది ఎలుకల బోను లాంటిది. పైవాడు దూరం జరగలేడు, ముందుకు ఎగబాకలేడు. ఎంత బలిసిన చేతులైనా కాళ్ల బలానికి చాలవు. కిందివాడి నడుమూ కాళ్లూ పైవాడి చేతులతో తలపడటమే ఇక్కడి కిటుకు.

ఆ బోనులోంచి మెడకో మోచేతికో పట్టు బిగించడం ఒక దారి. పైవాణ్ణి దొర్లించి తాను పైకెక్కడం రెండోది. దాన్నే స్వీప్ అంటారు.

బీరువా జరపాల్సి వస్తే మనం ఏం చేస్తాం? ఎత్తం. ఒక అంచు మీదికి ఒరగదీసి తిప్పుతాం. స్వీప్ కూడా అంతే. మోకాళ్ల మీద ఉన్నవాడు రెండు చేతులూ నేలకు ఆనిస్తే నాలుగు కాళ్ల బల్ల. అతడి గరిమనాభి ఆ నాలుగింటి మధ్య ఉన్నంతసేపూ పడడు. అతడి బరువు 80 కిలోలు అనుకుందాం. ఒరగాల్సిన అంచుకు గరిమనాభి 20 సెంటీమీటర్లు లోపలుంటే, అర మీటరు ఎత్తున అడ్డంగా తోసి అతణ్ణి కదిలించడానికి 32 కిలోల బరువంత బలం కావాలి. ముందే లాగి ఆ దూరాన్ని 5 సెంటీమీటర్లు చేస్తే 8 కిలోలంత చాలు. పడేసేది చివరి తోపు అని చూసేవాళ్లు అనుకుంటారు. అసలు పని అంతకు ముందే, ఆ లాగడంలోనే అయిపోతుంది.

కత్తెర స్వీప్‌లో ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది. పైవాడి కుడి చొక్కాచేతిని, కాలర్‌ను పట్టుకుంటారు. నడుము పక్కకు జరిపి, కుడి ముంగాలిని అతడి పొట్టకు అడ్డంగా పెడతారు. ఎడమకాలు నేలబారుగా అతడి కుడి మోకాలికి ఆనుతుంది. మీదికి లాగి, అతడి బరువు ముందుకు రాగానే రెండు కాళ్లనూ కత్తెరలా ఆడిస్తారు. పై కాలు ఒకవైపు నెడుతుంది, కింది కాలు మోకాలిని ఎదురువైపు లాగేస్తుంది. వ్యతిరేక దిశల్లో పనిచేసే ఈ జంటనే భౌతికశాస్త్రంలో బలయుగ్మం అంటారు. కుడివైపు పడబోయేవాడికి కుడిచేయి ఆనించుకునే వీలుండదు, అది ముందే బందీ. చేయీ మోకాలూ ఒకే పక్కవి కావడం కాకతాళీయం కాదు. చేతిని వదిలేసి మోకాలు ఒక్కటే లాగితే, అతడు అరచేయి ఆనించి తాపీగా నిలదొక్కుకుంటాడు.

తెలివైనవాడు ముందుకు రాడుగా, వెనక్కి వాలతాడు. అప్పుడు కిందివాడు లేచి కూర్చుని, తుంటితో పొట్టను ఢీకొట్టి అటే పడేస్తాడు. ముందుకొస్తే ఒకటి, వెనక్కి వెళ్తే ఒకటి.

ఈ విద్యలో కొత్త పుంతలు అవసరంలోంచే పుట్టాయి. ఒక కాలు మాత్రమే చిక్కే హాఫ్ గార్డ్‌ను ఒకప్పుడు ఓటమికి ముందుమెట్టుగా చూసేవారు. మోకాలి గాయంతో వేరే దారిలేక రొబెర్తో కొరేయా అక్కడినుంచే స్వీప్‌లు అల్లి, దాన్ని దాడికి స్థావరంగా మార్చాడు.

ఇంతా చెప్పి, చిన్నవాడు పెద్దవాణ్ణి ఎప్పుడూ గెలుస్తాడంటే మాత్రం నమ్మకండి. ఇద్దరికీ విద్య సమానమైతే బరువు మాట్లాడుతుంది. పోటీల్లో బరువు తరగతులు పెట్టింది అందుకే. ఇక పాయింట్ల సంగతికొస్తే, అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిత్సు సమాఖ్య నిబంధనల్లో స్వీప్‌కు 2 పాయింట్లు, నిలబడ్డవాణ్ణి పడగొట్టినా అవే 2. పొట్ట మీద కూర్చున్నవాణ్ణి దొర్లించి పైకొస్తే మాత్రం సున్నా. కాళ్ల మధ్య ఉన్నవాణ్ణి దొర్లిస్తేనే లెక్క, అదీ 3 సెకన్లు పైన నిలిస్తే.