నిలిచిపోయిన బండిని నిద్ర లేపడం ఎలా?

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సి. విద్యార్థి)

యంత్రం పని చేస్తే అరుగుతుందని అందరికీ తెలుసు. పని లేకుండా ఏళ్ళ తరబడి నిలబెడితే కూడా పాడవుతుందని మాత్రం చాలామంది నమ్మరు. "బయటికి తీయకుండా షెడ్డులో భద్రంగా పెట్టాం, కొత్తదానిలా వుంది" అని గర్వంగా చెప్పేవారు మన వూళ్ళలోనూ వున్నారు, సీమలోనూ వున్నారు. పైన గుడ్డ కప్పి వున్న ఆ బండి లోపల ఏయే రసాయనిక చర్యలు జరుగుతుంటాయో, దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలంటే ఏ పని ముందు, ఏ పని వెనుక చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. వుదాహరణకు ఒక పాత స్పోర్ట్స్ కారును తీసుకుంటున్నాను.

ఆ కారు పేరు ఎం.జి.బి. ఇంగ్లండులోని ఆబింగ్డన్ అనే వూళ్ళో 1962 నుండి 1980 వరకు తయారైంది. ఎం.జి. అంటే మోరిస్ గరాజెస్. నాలుగు సిలిండర్ల 1798 సి.సి. ఇంజను, చాలా బళ్ళకు రెండు ఎస్.యు. కార్బురేటర్లు. 5 లక్షలకు పైగా తయారైనందువల్ల ఈనాటికీ సీమలోనూ, అమెరికాలోనూ ఎందరి గరాజుల్లోనో ఇవి వున్నాయి.

రైతు బిడ్డకు దొరల స్పోర్ట్స్ కారుతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. పని వుంది. ఆ ఇంజను బి.ఎం.సి. కంపెనీ వారి 'బి సిరీస్' కుటుంబానికి చెందినది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 వరకు తయారైన మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను కూడా ఆ కుటుంబానిదే. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారులో వున్నదీ 1489 సి.సి. ఇంజనే. అంటే మన బస్టాండు దగ్గరి పాత టాక్సీ, ఇంగ్లండు స్పోర్ట్స్ కారూ అన్నదమ్ముల బిడ్డలన్నమాట! సెలవుల్లో మా టౌనులో ఒక మేస్త్రి షెడ్డులో పానాలు అందిస్తూ నేను నేర్చుకున్న కొద్దిపాటి విద్యా ఆ అంబాసిడర్ల మీదనే.

తొందరకు వెల

మా పక్క ఊళ్ళో ఒకాయన అంబాసిడర్ ఏడేళ్ళు పశువుల పాకలో వుండిపోయింది. దాన్ని బాడుగకు తిప్పి, కూతురి చదువుకు ఆసరా చేసుకుందామనుకున్నాడు. కొత్త బ్యాటరీ పెట్టినా ఇంజను తిరగలేదు. దానితో గేరులో వేసి ట్రాక్టరుకు కట్టి లాగించాడు. ఇంజను తిరిగింది కాని, తుప్పుతో బోరుకు అంటుకున్న రింగులు విరిగి బోరును గీరేశాయి. బిగుసుకున్న వాల్వు ఒకటి కదలక పుష్‌రాడ్ వంగిపోయింది. బాగుచేసే ఖర్చు బండి ఖరీదును మించింది. చివరకు కాటా వేసి పాత ఇనుము క్రింద అమ్మాడు. ఏడేళ్ళు చేయని నష్టాన్ని ఒక్క నిమిషం చేసింది. ఈ విషయంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట కూడా ఇదే.

లోపల జరిగేదేమిటి?

మొదటిది పెట్రోలు. అందులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందుగా పోతుంది. మిగిలిన దానిలోని అసంతృప్త హైడ్రోకార్బన్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. కార్బురేటరు జెట్టు మూసుకుపోవడానికి ఆ జిగురే కారణం. పైగా ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. ఇంగ్లండులో 2021 నుండి 10 శాతం వరకు, మన దేశంలో ఇప్పుడు 20 శాతం వరకు కలుస్తోంది. ఇథనాల్‌కు నీరంటే మక్కువ. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుండి విడిపోయి టాంకు అడుగుకు దిగుతాయి. ఇనుప టాంకుకు తుప్పు మొదలవుతుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు కూడా ఇథనాల్‌కు తట్టుకోలేవు.

రెండవది బ్రేకు ఆయిలు. గ్లైకాల్ జాతి ద్రవం కనుక గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరినకొద్దీ దాని మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, బ్రేకు సిలిండర్లు లోపల తుప్పు పడతాయి.

మూడవది బ్యాటరీ. చార్జి లేకుండా వుంటే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. తర్వాత ఎంత చార్జి చేసినా అది పూర్తిగా కరగదు.

నాలుగవది ఇంజను. పగటి వేడికీ రాత్రి చలికీ గాలిలోని తేమ ఇనుము మీద చెమటలా పడుతుంది. బోరు గోడల మీది ఆయిలు ఎప్పుడో క్రిందికి జారిపోయి వుంటుంది కనుక అక్కడ తుప్పు సులభంగా పుడుతుంది.

ఏది ముందు?

అందరికీ ముందు ఇంజను శబ్దం వినాలని ఆత్రం. కాని ఇంజను వంతు చివర రావాలి. మొదట చూడవలసింది బాడీ. అంబాసిడర్‌కు మల్లేనే ఎం.జి.బి.కి కూడా వేరే ఛాసిస్ లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల క్రింద పొడుగునా వుండే సిల్లులు తుప్పు తింటే కారు నడుము విరిగినట్లే. ఇంజను బాగుచేయవచ్చు, బాడీ పోతే కష్టం. అందుకనే బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వారు 1988లో ఈ కారుకు కొత్త బాడీ గూడులనే తయారుచేయడం ప్రారంభించారు.

తర్వాత బ్రేకులు. కారు కదలకముందే ఆగే శక్తి వుండాలి. పాత రబ్బరు హోసు లోపల వుబ్బితే కాలితో తొక్కిన వత్తిడి చక్రానికి చేరుతుంది కాని వెనక్కు రాదు, బ్రేకు పట్టేసి వుండిపోతుంది. హోసులు, రబ్బరు వాషర్లు, ఆయిలు అన్నీ మార్చాలి. టైర్ల విషయంలో గాట్ల లోతు చూసి మోసపోరాదు. ఈ కాలపు టైరు ప్రక్కన నాలుగంకెలు వుంటాయి. 3512 అంటే 2012లో 35వ వారంలో తయారైందని అర్థం. పదేళ్ళు దాటిన టైరు చూపుకేగాని పరుగుకు పనికిరాదు.

ఆపైన వైరింగు. ఎలుకలు కొరికిన తీగ నిప్పుకు మూలం. 1967 వరకు వచ్చిన ఎం.జి.బి.లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. అలవాటు కొద్దీ నెగటివ్‌ను బాడీకి కలిపితే చిక్కే.

ఇక ఇంజను

కరెంటు మోటారు వచ్చాక మా పాత ఆయిలింజను పొలం దగ్గర ఏళ్ళ తరబడి ఖాళీగా పడివుంది. దాన్ని తీయవలసి వచ్చినప్పుడు మా నాన్న మొట్టమొదట ఫ్లైవీలు మీద చెయ్యి వేసి మెల్లగా అటూ ఇటూ కదిపి చూసేవాడు. "బలం చూపించమాకురా, అది ఏం చెబుతుందో విను" అనేవాడు. ఎం.జి.బి.కైనా పద్ధతి అదే.

స్పార్కు ప్లగ్గులు నాలుగూ విప్పి ప్రతి బోరులోనూ కొంచెం పలుచని ఆయిలు పోసి కొన్ని రోజులు వదిలేయాలి. తర్వాత క్రాంకు పుల్లీ బోల్టుకు పానా పట్టి చేత్తో తిప్పాలి. తిరగకపోతే మళ్ళీ ఆయిలు, మళ్ళీ ఓర్పు. తిరిగితే పైమూత తీసి ఎనిమిది వాల్వులూ లేచి దిగుతున్నాయో లేదో చూడాలి. పాత ఆయిలు, ఫిల్టరు, రేడియేటరు నీళ్ళు మార్చాలి. టాంకు ఖాళీ చేసి కడగాలి. కార్బురేటరు లోపలి పిస్టనును వేలితో ఎత్తి వదిలితే టక్కుమని క్రిందికి పడాలి.

అప్పుడైనా వెంటనే స్టార్టు చేయరాదు. ప్లగ్గులు తీసి వుండగానే స్టార్టరుతో కొద్దికొద్దిగా తిప్పాలి. కంప్రెషన్ లేదు కనుక బేరింగుల మీద భారం తక్కువ. మీటరులో ఆయిలు వత్తిడి కనిపించాకనే ప్లగ్గులు బిగించాలి. స్టార్టయ్యాక వత్తిడి రాకపోతే వెంటనే ఆపాలి. ఈ పనంతా ఆరుబయటే చేయాలి. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. ఇంజను బాగా వేడెక్కి చల్లారాక ఆ ఆయిలును మళ్ళీ మార్చాలి. లోపలి మురికి దానితోనే బయటికి పోతుంది.

ఇన్ని పనులు చేసినా కారు మొదటి రోజే పరుగెత్తదు. ముందు గేటు దాకా, తర్వాత వీధి చివరిదాకా, ఆ తర్వాతనే రోడ్డు మీదికి.

మిత్రులారా, ఆక్సీకరణం, స్ఫటికీకరణం అని మనం పరీక్షల కోసం వల్లె వేసే మాటలు మన షెడ్లలో, పాకల్లో నిజంగా జరుగుతున్నవే. ఏ పేదవాని బతుకుతెరువో దాని మీద ఆధారపడి వుండవచ్చు. మన ఇళ్ళలో ఇటువంటి బండి ఏదైనా వుంటే, దాన్ని ట్రాక్టరుకు కట్టేలోపల ప్లగ్గులు విప్పించి నాలుగు చుక్కల ఆయిలు పోయించండి. చదువుకున్నందుకు మనం ఇంటికి చేయగల సాయాల్లో ఇదొకటి.