పులి దూకే తుపాకి!

చెకుముకి రాయిని పట్టుకుని పొంచి ఉన్న పులి... మీట నొక్కగానే ముందుకు దూకుతుంది. నిప్పురవ్వ రాలుతుంది. ధన్‌మంటూ తూటా పేలుతుంది!

మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ సొంత తుపాకుల సొగసు అది. పులి ఆయన రాజచిహ్నం. అందుకే సింహాసనం మీదా సైనికుల దుస్తుల మీదా కనిపించే పులీ, దాని చారలూ తుపాకులకీ ఎక్కాయి. వాటిలో ఒకటైతే మరీ చిత్రం. ఒకే గొట్టంలో ఒకదాని వెనక ఒకటిగా రెండు తూటాలు దట్టించి, విడివిడిగా పేల్చొచ్చు.

1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలింది. టిప్పు నేలకొరిగాడు. ఆ ముట్టడిలో ఈస్టిండియా కంపెనీ సేనలకి హైదరాబాద్ నిజాం సైన్యమూ తోడుగా నిలిచింది. కోటలోని నగలూ ఆయుధాలూ విజేతల పాలయ్యాయి. చాలామటుకు ఓడలెక్కి ఇంగ్లండు చేరాయి.

ఇప్పుడు వాటి కోసం సేకర్తలు పోటీపడతారు. 2015లో లండన్‌లోని బోన్‌హామ్స్ సంస్థ టిప్పు కాలంనాటి ఆయుధాలూ వస్తువులూ 30 వరకూ వేలం వేస్తే, 60 లక్షల పౌండ్లకు పైనే పలికాయి.

కొన్నవాళ్లకి అది అపురూప కళాఖండం. పోగొట్టుకున్న నేలకి మాత్రం... కొల్లపోయిన సొత్తు. పులి ఒకటే, చూసే కళ్లే వేరు!